ఇంటిల్లిపాదికీ ఒకటే మెట్రో కార్డు

కొంప మునగబోతోందని నాకు మొదట తెలిసింది ఒక చిన్న ‘టక్’ శబ్దంతో. సికింద్రాబాద్ మెట్రో స్టేషన్‌లో గేటు రెక్కలు రెండూ నా ముక్కు ముందే మూసుకున్న శబ్దం అది. రెక్కలకు అవతల మా అత్తమ్మ, ఆమె కొంగు పట్టుకుని నా మూడేళ్ల చిన్న కూతురు చిన్ని. ఇవతల నేను, పెద్ద కూతురు బిందు. నా చేతిలో మెట్రో కార్డు. ఆ కార్డును చూసి యంత్రం ఎర్రగా కళ్లురిమింది.

“ఏందే సంధ్యా, ఆడనే నిలవడ్డవ్? రా!” అంది అత్తమ్మ అవతలి నుంచి.

“వస్తున్న అత్తమ్మా, జర ఆగు” అన్నాను, రావడం నా చేతుల్లోనే ఉన్నట్టు.

అక్కడి నుంచి జరిగిన ఘోరమంతా చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి. మా కామారెడ్డి వాడకట్టంతా ఇప్పటికే నవ్వింది, మీరొక్కరు బిగబట్టుకుని మాత్రం ఏం లాభం? పిల్లలు పడుకున్నారు, అత్తమ్మ గురక పెడుతోంది. వంట గదిలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఎవరైనా లేస్తే మధ్యలో ఆపేస్తాను.

నాది భయపడే స్వభావం. పిల్లలు దగ్గితే భయం, దగ్గకపోయినా భయమే. ఇల్లు దాటే ముందు వాళ్లకు రోజూ ఒకటే పాఠం: “ఏది ఏమైనా అమ్మ చెయ్యి విడవొద్దు.” ఆ రోజు పొద్దున కామారెడ్డి స్టేషన్‌లో రైలెక్కే ముందు కూడా ఇద్దరితో వల్లె వేయించాను. మరి గేటు దగ్గర చిన్ని చెయ్యి ఎవరు వదిలారంటారా? ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం.

మేం పోతున్నది కంటి ఆసుపత్రికి. అత్తమ్మ బీడీలు చుడుతుంది. కొన్నాళ్లుగా ఆకు కనిపిస్తోంది గానీ దారం కనిపించడం లేదు. కుడి కన్ను మసక, ఎడమ కన్ను దానికి తోడబుట్టింది. ఎంతో తిరిగితే పెద్ద డాక్టరును కలవడానికి ఆ రోజు పొద్దున దొరికింది. పదకొండు గంటల్లోపు అక్కడ ఉండాలి, తప్పిపోతే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. మా ఆయనకు సెలవు దొరకలేదు. “నేను తీస్కపోత. చదువుకున్న కద” అన్నాను. ఆ ఒక్క మాట ఆ రోజంతా నా వెంటే తిరిగింది, మేకకు కట్టిన గంటలాగా.

“సూడు సంధ్యా, మెట్రోల ఎవరి టికెట్ వాళ్లకు తీస్కో. చిన్ని పొట్టిది గాబట్టి దానికొద్దు” అన్నాడు మా ఆయన.

“నాకు చెప్తున్నవా? నాకు కార్డే ఉన్నది.”

“ఒక్క కార్డేనా?”

“ఇంటికి ఎన్ని కార్డులుంటయ్ మరి?”

ఆ మనిషి నోరు తెరిచాడు. నా ముఖం చూసి మూసుకున్నాడు. మా పెళ్లి నిలబడింది అలాంటి మూసుకోవడాల మీదే.

ఆ కార్డు చరిత్ర కొంచెం చెప్పాలి. నిరుడు ఒక ఉద్యోగం పరీక్ష రాయడానికి ఒక్కదాన్నే నగరానికి పోయినప్పుడు కొన్నాను. ఉద్యోగం రాలేదు, కార్డు మిగిలింది. అప్పటి నుంచి దాన్ని పర్సులో ఆధార్ పక్కన పెట్టుకుని, పర్సు తెరిచిన ప్రతిసారీ అందరికీ కనబడేలా తిప్పేదాన్ని. ఎల్లారెడ్డిలో మా అమ్మ వాళ్లింటికి పోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లకు దాని మీద ఉపన్యాసాలిచ్చేదాన్ని. “ఇట్ల పెట్టాలె, తలుపు తెర్సుకుంటది, అంతే!” వాళ్లు నోళ్లు వెళ్లబెట్టి వినేవాళ్లు. నేను గేటు దాటింది ఒక్కదాన్నే అన్న సంగతి వాళ్లూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఇక నలుగురికీ ఒకే కార్డు సరిపోతుందని నాకు ఎవరు చెప్పారంటే, మా రేషన్ కార్డు చెప్పింది. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కార్డు. నేను పోయి వేలు పెడతాను, యంత్రం కూస్తుంది, అందరి బియ్యమూ వచ్చేస్తాయి. ఏనాడైనా ఆ యంత్రం “మీ అత్తమ్మ ఏదీ? చిన్ని ఏదీ?” అని అడిగిందా? ఎల్లారెడ్డి ఆటోలో ఎక్కినా “నలుగురం” అని ఒక్కరం అంటే చాలు. మెట్రో వాళ్లు మాత్రం మనకంటే తెలివి తక్కువ వాళ్లా, ఇంటికో కార్డు చాలని వాళ్లకు తెలియదా అనుకున్నాను. ఎంత గౌరవం వాళ్ల మీద నాకు!

అందుకే గేటు దగ్గర దర్జాగా కార్డు పెట్టి, తెరుచుకోగానే చిన్ని చెయ్యి అత్తమ్మకు అప్పగించి, ఇద్దరినీ ముందు తోశాను. ఇదిగో, చెయ్యి వదిలింది ఇక్కడే, వదిలింది నేనే. తర్వాత బిందు కోసం మళ్లీ కార్డు పెట్టాను. టక్. ఎరుపు. ఈ కార్డు ఇప్పటికే లోపల ఉందని అద్దం మీద అక్షరాలు.

“లోపలెక్కడుంది? నా చేతిలుంటే!” అని యంత్రంతో వాదించాను. మళ్లీ పెట్టాను. తిప్పి పెట్టాను. చీరకు తుడిచి పెట్టాను. వెనక లైను పెరిగింది.

“అక్కా, జల్దీ కానియ్యి. నాకు ఆఫీసుంది” అన్నాడు ఒకాయన.

“నాకు ఆసుపత్రి ఉంది” అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నాకు ఏ ఆసుపత్రి అవసరమో తనకు అర్థమైనట్టు పక్క గేటుకు పోయాడు.

యూనిఫాంలో ఉన్న అమ్మాయి వచ్చింది. నిద్ర సరిపోని ముఖం, ఇలాంటి వాళ్లను రోజూ చూసే విసుగు.

“మేడం, ఒక కార్డు మీద ఒక్కరే పోవాలి. ఆమె మీ కార్డు మీద లోపలికి పోయారు. ఆమె బయట దిగి ట్యాప్ చేసేదాకా అది లోపల ఉన్నట్టే లెక్క. ఎక్కిన చోటు, దిగిన చోటు చూసి ఛార్జీ పట్టుకుంటుంది.”

“మేమంతా ఒకే ఇంటోళ్లమమ్మా” అన్నాను ప్రాధేయపడుతూ.

“గేటుకు ఆ సంగతి తెలియదు మేడం.”

“రేషన్ కార్డు మాత్రం...”

“ఏంటి?”

“ఏం లేదు.”

మీకూ నాకూ ఏం కార్డులో తెలుసు గానీ, ఆ పిల్లకు చెప్పి ఉన్న పరువూ ఎందుకు తీసుకోవడం?

“కార్డు పెద్దామెకే ఇచ్చేయండి. దిగేటప్పుడు ఆమె దగ్గరే ఉండాలి. మీరూ పాపా టికెట్లు తీసుకుని రండి” అంది ఆ పిల్ల.

కార్డును గేటు మీదుగా అందించాను. బుద్ధిమంతురాలిని కదా, వాడకం కూడా నేర్పాను. “అత్తమ్మా, జాగ్రత్త. దిగేకాడ దీన్ని గీ మిషిన్ మీద పెడ్తె తలుపు తెర్సుకుంటది, గప్పుడు బయటికి రావాలె.”

“గట్లనే బిడ్డా” అంది అత్తమ్మ. ఆమె మంచి శిష్యురాలు. చెప్పిందాంట్లో సగం గట్టిగా పట్టుకుంటుంది.

నేనూ బిందూ పరుగెత్తి, లైనులో నిలబడి టికెట్లు తెచ్చాం. ఒకరి వెనక ఒకరం గేటు మీద పెట్టాం. తెరుచుకుంది! ఇద్దరం లోపలికి దూకాం. జాతరలో తప్పిపోయి దొరికిన వాళ్లలా చేతులు చాచి చూస్తే, లోపల అత్తమ్మ లేదు. చిన్నీ లేదు.

నా గుండె కిందికి జారి చెప్పుల్లో పడింది.

“సంధ్యా!”

వెనక్కి తిరిగాను. పక్క గేటుకు అవతల, బయట, అత్తమ్మ. కొంగు పట్టుకుని చిన్ని. ఇద్దరి ముఖాల్లోనూ గెలుపు.

“నువ్వెందుకు బయటికొచ్చినవ్ అత్తమ్మా?”

“మీరు లోపలికి రాలేకపోతుండ్రని నేనే వచ్చిన. నువ్వు జెప్పినట్టే పెట్టిన, తెర్సుకున్నది. మరి నువ్వెందుకు లోపలికి పోయినవ్?”

బిందు పకపకా నవ్వింది. నవ్వొద్దని దాని మీద అరిచాను. చిన్ని ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని నవ్వమని బతిమాలాను.

“సరే, మళ్ల పెట్టి లోపలికి రా!”

అత్తమ్మ పెట్టింది. టక్. ఎరుపు. ఎక్కిన చోటే దిగినందుకు కూడా మెట్రో ఛార్జీ పట్టుకుంటుందట. నిరుడు మిగిలిన నాలుగు పైసలూ ఆ పది అడుగుల ప్రయాణానికి ఊడ్చుకుపోయాయి. లోపలికి రావాలంటే కార్డులో కొంతైనా ఉండాలట, అంత లేదు.

అత్తమ్మకు ఇది మింగుడు పడలేదు. “యే ఊరికి వోకుండనే కిరాయా? ఎల్లారెడ్డి దాక పోయినా బస్సుల ఆడోళ్లకు పైసల్లేవు, గిక్కడ నిలవడ్డందుకు పైసలా?” అని యూనిఫాం పిల్లను నిలదీసింది. “నా ఆధార్ ఉన్నది, సూడు” అని సంచిలోంచి తీసి గేటు మీద పెట్టింది. పాపం, అదీ పని చేయలేదు.

అప్పుడు నా చదువు మళ్లీ నిద్ర లేచింది. “ఆగు, ఫోన్ల రీఛార్జ్ చేస్త!” అని లోపల నిలబడే చేశాను. డబ్బులు పడ్డాయని మెసేజ్ కూడా వచ్చింది. చుట్టూ చూశాను, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని.

“ఇప్పుడు పెట్టు అత్తమ్మా!”

ఎరుపు.

యూనిఫాం పిల్ల కళ్లు మూసుకుని తెరిచింది. “మేడం, ఫోన్‌లో వేసింది వెంటనే కార్డులోకి రాదు. ముందు ఆ మిషన్ మీద కార్డు పెట్టాలి, అప్పుడే ఎక్కుతుంది.”

నా ఖాతాలోంచి పోవడానికి దానికి రెప్పపాటు కూడా పట్టలేదు. కార్డులోకి రావడానికి మాత్రం, అలిగిన అల్లుడిలాగా, ఎవరో ఎదురెళ్లి పిలవాలి! చివరికి ఆ పిల్లే అత్తమ్మను యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, అలిగిన డబ్బును కార్డులోకి ఎక్కించి, గేటు దాటించి, “అమ్మా, ఇక దిగేదాకా దేన్నీ తాకొద్దు” అని చేతులు జోడించింది. ఆ దండం అత్తమ్మకా, నాకా అన్నది ఇప్పటికీ తేలలేదు.

రైల్లో కూలబడ్డాం. గడియారం చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉన్నాను. నాలుగు గేట్లు దాటడం రాక ఆమె కన్ను పోగొట్టానన్న మాట జీవితమంతా మోయాల్సి వస్తుందా అని అత్తమ్మ కళ్లకేసి చూశాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, “అయితది తియ్యి” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో మా పేరు పిలిచి, దాటేశారు. కౌంటరు దగ్గరామె “ఇప్పుడా రావడం?” అంది. నేను గొంతు సవరించుకుని, చదువుకున్న అబద్ధం ఒకటి చెప్పబోయాను. అత్తమ్మ నన్ను పక్కకు జరిపింది.

“మా కోడలు తప్పేం లేదు బిడ్డా. నేను లోపలుంటె ఆమె బయట, ఆమె లోపలుంటె నేను బయట. పొద్దటి సంది గిదే కథ” అని మొత్తం చెప్పింది. గేటు శబ్దంతో సహా. కౌంటరు ఆమె నవ్వింది, పక్కనున్న నర్సు నవ్వింది, కళ్లకు గుడ్డలు కట్టుకున్న పేషెంట్లు కూడా నవ్వారు. నవ్వి నవ్వి, “కూర్చోండి, అందరి చివర పంపిస్తాను” అంది ఆమె. నా పరువు పోయిన చోటే అత్తమ్మ కన్ను దక్కింది. బేరం బాగానే ఉంది.

డాక్టరు కంట్లోకి లైటు వేసి అడిగాడు. “ఏమేం స్పష్టంగా కనబడుతున్నాయమ్మా?”

“అన్ని మబ్బుగనే ఉన్నయ్ సారూ. పొద్దుగాల గా ఎర్ర లైటొక్కటే సాఫ్‌గ కనవడ్డది.”

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. వచ్చే నెలలోనే. మళ్లీ మెట్రోలోనే పోవాలి.

తిరుగు ప్రయాణంలో నేను టికెట్ల లైనులో నిలబడితే, అత్తమ్మ చిన్నిని పట్టుకుని కార్డు పెట్టి, పుట్టినప్పటి నుంచీ మెట్రోలోనే తిరిగినట్టు లోపలికి పోయింది. కామారెడ్డిలో దిగాక చెయ్యి చాచాను. “కార్డు ఇయ్యి అత్తమ్మా, యాడన్న పడిపోతది.”

“వద్దు వద్దు” అని బొడ్లో దోపుకుంది. “ఒక్క కార్డు ఒక్క మనిషికే అన్లేదా ఆ పిల్ల? నువ్వు ఇంకోటి కొనుక్కో.”

కాబట్టి, ఇంట్లో ఉన్న రేషన్ కార్డు సాక్షిగా, పొయ్యి మీద ఉన్న పాలగిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కార్డు మీద నేనొక్కదాన్నే ప్రయాణిస్తాను. ఏ గేటు ముందూ చుట్టరికం కలపను. మా ఆయన నోరు తెరిచినప్పుడు, మూసుకునేలోపు వింటాను. ఈ చివరిది కొంచెం కష్టం, అయినా ప్రయత్నిస్తాను.

ఆసుపత్రికి పోయొచ్చిన మర్నాడు పొద్దున బిందు ఎల్లారెడ్డికి వీడియో కాల్ చేసి, వాళ్ల అమ్మమ్మకూ, అక్కడ చేరిన నా పాత శ్రోతలకూ మొత్తం కథ ఆడి చూపించింది. ఎరుపు లైటు వేషం చిన్నిది. అయ్యాక బడి సంచులు తగిలించి, ఇద్దరినీ గడప దగ్గర నిలబెట్టి రోజూలాగే మొదలుపెట్టాను.

“ఏది ఏమైనా అమ్మ చెయ్యి...” అని బిందు వల్లె వేయబోయింది.

“ఆగు. అది నిన్నటి దాక” అన్నాను. “ఇవ్వాళటి నుంచి ఏది ఏమైనా నానమ్మ చెయ్యి విడవొద్దు. అమ్మను కూడ మీరే పట్టుకోండ్రి.”