కరెంటు పరిగెత్తని రోజు

ఈ ఉదయం తిరుపతిలోని మా పశువైద్య ప్రయోగశాలకు ఒక విద్యార్థిని స్లైడు తెచ్చింది. ప్లాటినం కలిసిన క్యాన్సర్ మందు ఇచ్చిన ఎలుక థైరాయిడ్ గ్రంథి అది. హార్మోను తయారయ్యే చిన్న సంచులు, గుండ్రంగా ఉండవలసిన పుటికలు, నలిగి, చిరిగి ఉన్నాయి. “మందు వల్లేనా సార్?” అంది. మందు ఇవ్వని ఎలుక స్లైడు కూడా తెమ్మన్నాను. ఆమె వెళ్ళాక చిత్తూరు పక్కన మా మేనమామ మామిడితోటలో చచ్చిన కుక్క గుర్తొచ్చింది. దాని గురించి నిశ్చయంగా చెప్పగలిగినవి రెండే: మెడ నుజ్జయింది, మెదడులో రేబిస్ లేదు. మనిషిని కరిచిందన్నది పక్కతోట ఆసామి మాట. కాటు గాయం నాకెవరూ చూపలేదు.

ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదని మామ దానికి కరెంటు అని పేరు పెట్టాడు. ముందుకాలి ఎముకలో క్యాన్సర్ వస్తే మా పశువుల ఆసుపత్రిలో కాలు తీసేసి, ప్లాటినం మందు ఎక్కించారు. “మీ అత్తకు బంగారమే కొనీలేదబ్బోడా. కుక్కకు ప్లాటినం పెట్టించినానని తెలిస్తే నాకు తోటలోనే పడక” అన్నాడు మామ. మూడు కాళ్ళతోనే అది మళ్ళీ కుందేళ్ళను తరిమింది.

మందు పూర్తయిన కొన్నాళ్ళకు బొచ్చు రాలింది. పిలిస్తే నిదానంగా తల తిప్పేది, మిట్టమధ్యాహ్నం కూడా ఎండలోనే పడుకునేది. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇలాగే అవుతుంది. ప్లాటినం మందులు జంతువుల్లో థైరాయిడ్‌ను దెబ్బతీయవచ్చు. క్యాన్సర్ కూడా ఆ హార్మోనును తగ్గించవచ్చు. మందుకు ముందు హార్మోను పరీక్ష చేయలేదు కనుక పోల్చి చూసే దారి లేదు. కనీసం ఇప్పుడైనా రక్తం తీద్దాం, కుక్కను తీసుకురమ్మని మామకు చెప్పాను. ఈలోపే అది పక్కతోటలోకి నడిచి వెళ్ళింది.

తర్వాతిది మామ చెప్పినది; ఆసామీ కాదనలేదు. ఆసామి కర్రతో కొట్టిన మొదటి దెబ్బ నడుము మీద పడింది. మోటారు దగ్గరినుంచి మామ “పరిగెత్తు, కరెంటూ” అని అరుస్తూ వచ్చాడు. ఆ గొంతు విని అది తోక ఊపింది. రెండో దెబ్బ గడ్డపారతో, మెడ మీద. మూడోదీ అక్కడే.

“పిచ్చికుక్కప్పా అది. బొచ్చు యాడికి పోయిందో సూడు” అన్నాడు ఆసామి.

“బొచ్చు పోతే పిచ్చేనా? నీ నున్నటి నెత్తి సూసుకో” అంటూ మామ కింద పడున్న కర్ర అందుకుని ఆయన మోచేతిని విరగ్గొట్టాడు. ఆ ఎక్స్‌రే నేను చూశాను.

సాయంత్రానికి గోనెసంచిలో కళేబరాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టాడు. చొక్కా ముందుభాగమంతా నెత్తురు. “కుందేల్ని పట్టిన కుక్క, ఆ పొద్దు ఎందుకు కదల్లేదు? మందే దాన్ని మెత్తగా చేసిందా? పెట్టించినోణ్ణి నేనే గదా. సెప్పు.”

కోశాను. థైరాయిడ్ తమ్మెలు గొంతుగొట్టానికి అటూ ఇటూ ఉంటాయి. గడ్డపార పడింది అక్కడే. మృదులాస్థి ముక్కలు, గడ్డకట్టిన నెత్తురు, వాటిలో కలిసిపోయిన ఎర్రటి ముద్ద. ఏది గ్రంథో, ఏది కండో విడదీయలేకపోయాను. తెలియదన్నాను. మామ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే, “తేలిందా అబ్బోడా?” అంటాడు. తేలలేదు, తేలదు, చూడవలసిన గ్రంథి చూడకముందే నలిగిపోయింది. కాలం ఆయన బాధను తగ్గించిందో లేదో నేను కొలవలేదు. పాడవకుండా ఫార్మలిన్ సీసాలో నా దగ్గర ఉంచుకున్న ఆ ఎర్రటి ముద్దను మాత్రం, ఏటికేడు, రంగు లేకుండా చేసింది.