బావ చేతికి పట్టీ

మా బావ విఠల్‌రావు చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ వ్యాపారి. గాజులు అమ్మే మనిషి కదా, చెయ్యి సుతారంగా ఉంటుందనుకుంటే మీ పళ్లు జాగ్రత్త. నా ముందుపన్ను ఊడగొట్టింది ఆయనే. మా అక్క సూర్యప్రభ మీద కూడా ఆ చెయ్యి లేచేది. అందుకు నేనాయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మొన్న వానాకాలంలో, దుకాణం ముందు బండి అడ్డం పెట్టాడని బావ ఒక ఆటోవాలా కాలరు పట్టుకుని వాడి తలను షట్టర్‌కేసి కొట్టాడు. రెండో దెబ్బకు ఎత్తిన బావ చెయ్యి అట్లాగే వాలిపోయింది, మూతి వంకరపోయింది. కాసేపటికి అంతా సర్దుకుంది గానీ ఆస్పత్రిలో డాక్టరమ్మ రచన తేలిగ్గా తీసుకోలేదు. మెడలో తలకు నెత్తురు తీసుకెళ్లే నాళం సన్నబడిందనీ, ఈసారి పక్షవాతమే రావచ్చనీ, ప్రాణం కూడా పోవచ్చనీ చెప్పింది. మందులు కాక రోజూ నడవమంది, ఉప్పు తగ్గించమంది. బీపీ చూసే పట్టీ చేతికి చుట్టి, గాలి కొట్టి బిగించి, వదిలి, మళ్లీ బిగించే పద్ధతి ఒకటి, రోజూ వేళకు చెయ్యమని, అక్కకు నేర్పింది. దాంతో మెదడుకు నెత్తురు మెరుగ్గా అందొచ్చనీ, దీని మీద ఇంకా పరిశోధనలు నడుస్తున్నాయనీ దాచకుండా చెప్పింది. "మెడ మాత్రం ఎవరితోనూ విరిపించుకోవద్దు" అంది.

బావ ఆ చివరి మాట వింటే గదా! పురానాపూల్‌లో ఆయన చిన్ననాటి దోస్తు వైకుంఠం సెలూన్ ఉంది. గడ్డం గీశాక తలకు చంపీ మాలిష్ చేసి, మెడ టప్పున విరవడం అక్కడి మర్యాద. ఒక ఆదివారం బావ అక్కడికి పోయి, పట్టీ వేళ దాటిపోతుంటే, అక్క దాన్ని సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లింది.

వైకుంఠం అప్పటికే బావ దవడ పట్టుకున్నాడు. "నెత్తికి నెత్తురు పోతలేదంటవేంది విఠల్ భాయ్? ఒక్క విరుపు విరిస్తే సర్రున ఎక్కుతది!"

అక్క గుమ్మం దగ్గరి ఇనుప స్టూలు ఎత్తి వైకుంఠం మోచేతి మీద కొట్టింది. స్టూలు చేజారి అద్దానికి తగిలి అద్దం భళ్లుమంది. వైకుంఠం చెయ్యి పట్టుకుని గాజుపెంకుల్లో కూలబడ్డాడు. అక్క మళ్లీ స్టూలు అందుకోబోతే నేనే ఆపాను. నిజం చెప్పొద్దూ, భయమేసింది, సంతోషమూ వేసింది.

బావ ఒక్క ఉదుటున లేచాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?" అని చెయ్యి ఎత్తాడు. కణతల దగ్గర నరాలు ఉబ్బి కనిపించాయి.

అక్క వెనక్కి జరగలేదు. ఎత్తిన ఆ చేతినే పట్టుకుని ఆయన్ని కుర్చీలోకి తోసింది. "కొట్టు. ఆటోవాలాని కొట్టినప్పుడు ఏమైందో యాదికి తెచ్చుకొని కొట్టు."

బావ తన చేతి వంక చూసుకున్నాడు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. అక్క ఆ చేతికే పట్టీ చుట్టి గాలి కొట్టడం మొదలుపెట్టింది.

"చాలు సూర్యా, నొస్తున్నది."

"నాకు గూడ నొస్తుండె" అంది అక్క, గాలి కొడుతూనే.