నాయనమ్మకు కొన్న వాలుకుర్చీ

నరసరావుపేటలో మా వీధి చివర, కింద మందుల షాపు, పైన జిమ్ము ఉన్న ఒక మేడలో, వారానికి మూడు రోజులు పొద్దున్నే నేను రెండు చేతుల్లో పిడి ఉన్న రెండు ఇనప గుండ్లు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తాను. రబ్బరు చాపల వాసన కొట్టే ఆ గదిలో పది సార్లు తిరిగి గుండ్లు దించాక, చెమట పట్టిన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి లోహం వాసన వస్తుంది. చింతపండుతో తోమి, బావి నీళ్లతో నింపి, చంకనెత్తుకున్న ఇత్తడి బిందె వాసన కూడా ఇంచుమించు ఇదే. ఆ వాసనకు నాకు ఏడుపేమీ రాదు. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి రెండు గుడ్లు ఉడకేసుకుంటాను.

యాభై నాలుగేళ్ల వయసులో ఈ గుండ్ల గోల నాకు సరదా కొద్దీ రాలేదు. పోయినేడు షుగరు వస్తుందన్నారని భయపడి రాత్రి భోజనం మానేసి, పగలు ఇన్ని పండ్ల ముక్కలు తిని, ఎనిమిది కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పులో ఉండగానే ఒక పెళ్లిలో పీటల దగ్గర కింద కూర్చుని, తలంబ్రాలు అయిపోయాక లేవబోతే కాళ్లు లేవలేదు. ఎవరో పిల్ల చెయ్యిచ్చి లేపింది. డాక్టరమ్మ నన్ను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమని చూసి, "మీరు కొవ్వుతో పాటు కండ కూడా పోగొట్టుకున్నారు" అంది. తగ్గడం ఒక్కటే చాలదట, పూటపూటా పప్పో గుడ్డో పెరుగో తినాలట, బరువులెత్తాలట, వాడని కండ ఈ వయసులో తొందరగా కరిగిపోతుందట. ఆమె మామూలుగానే చెప్పింది. నేను మాత్రం ఆ కుర్చీలోంచి లేవకుండా అట్లాగే కూర్చుండిపోయాను, ఎందుకంటే ఆమె చెప్పేదంతా నేను పదేళ్ల వయసులో కళ్లారా చూసినదే.

మా ఊరు కారంపూడికి దగ్గర. ఇళ్ల ముందు నాపరాళ్ల అరుగులుండేవి, ఎండాకాలంలో పొద్దుగూకాక కూడా వాటిమీద కూర్చోవాలంటే బిందెడు నీళ్లు చల్లాల్సిందే. మంచినీళ్ల బావి ఊరి బయట, మిరప కళ్లాలు దాటాక ఉండేది. అరవై దాటిన మా నాయనమ్మ నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని దానిమీద ఒక బిందె, చంకన ఇంకొకటి పెట్టుకుని, తెల్లారేసరికి రెండు సార్లు తిరిగొచ్చేది. పక్కన ఖాశింబీ ఉండేది. ఖాశింబీ వాళ్లాయన సైకిళ్లు బాగుచేసేవాడు, ఆమె మా చేలో మిరపకాయలు కొయ్యడానికి కూలికొచ్చేది, వయసులో చానా చిన్నదైనా నాయనమ్మను అక్కా అనేది. కాయలు ఎండే రోజుల్లో ఊరంతా తుమ్ముతుంటే ఈ ఇద్దరూ తుమ్మకుండా నడిచొచ్చేవాళ్లు. చుట్టాలొచ్చే తిరునాళ్లకు అరిసెల పిండి దంచాలంటే ఒకే రోట్లో ఇద్దరూ రెండు రోకళ్లు మార్చి మార్చి వేసేవాళ్లు, ఒక రోకలికి ఇంకో రోకలి ఎప్పుడూ తగిలేది కాదు. జొన్న సంగటిలో ఉలవచారు, గోంగూర, గడ్డపెరుగు, దసరాకు నాటుకోడి పులుసు, ఏది వండినా నాయనమ్మ మగవాళ్లకంటే ముందు తినేది కాదు గానీ మగవాళ్లకంటే తక్కువ కూడా తినేది కాదు. మధ్యాహ్నం నాతో గచ్చకాయలాడేది, గొంతుక్కూర్చుని ఆడి, నేను తొండి చేస్తే నేలకు చెయ్యి ఆనించకుండా లేచి నిలబడి వీపు మీద ఒకటిచ్చేది.

నాకు పదేళ్లప్పుడు మా నాయన సర్పంచి అయ్యాడు. వసారా నిండా మనుషులు, టీ గ్లాసులు, చుట్టల వాసన. ఒకరోజు వాళ్ల మధ్యలోంచి నాయనమ్మ రెండు బిందెలతో లోపలికి పోతుంటే ఒక పెద్దమనిషి, "సర్పంచి తల్లి నీళ్లు మోస్తంటే చూసేవోళ్లకి మాకే బాగలేదయ్యా" అన్నాడు. నాయన ముఖం నల్లబడింది. ఆ వారమే మాచర్ల నుంచి బస్సు మీద వేయించుకుని ఒక టేకు వాలుకుర్చీ తెచ్చాడు, నవారు పట్టీతో, కూర్చుంటే నడుం లోపలికి దిగబడిపోయేట్టు.

"నువ్వు చేసింది చాలమ్మా. ఇంక ఏం చెయ్యబాక, కూకో" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను, ఆ ప్రేమ నిజం.

నాయనమ్మ కూర్చుని, అటూ ఇటూ చూసుకుని, "ఇందులో కూకుంటే లేచేదెట్టారా?" అంది. అందరం నవ్వాం.

నాయన నాకొక పని అప్పజెప్పాడు. నాయనమ్మ బిందె ముట్టుకుంటే తనకు చెప్పాలి, చెబితే నువ్వుల చిమ్మిలి ఉండ. వారం తిరక్కుండానే ఖాశింబీ గొంతు విని నాయనమ్మ దొడ్డిదారిన బిందెతో వెళ్లింది. నేను చెప్పాను. నాయన కోప్పడలేదు, రెండు బిందెలూ అటక మీదికి ఎక్కించి, నీళ్లకు మనిషిని పెట్టాడు. నాయనమ్మ నన్ను పిలిచి, "నువ్వే చెప్పావా?" అంది. ఊఁ అన్నాను. "సరే" అంది, అంతే. చిమ్మిలి చానా బాగుంది, ఇప్పటికీ ఆ రుచి తెలుస్తుంది, దాచిపెట్టి లాభం లేదు.

ఆ తరువాత ఒక్కొక్కటే పోయాయి. రోకలి పట్టనివ్వలేదు. చేలోకి పోనివ్వలేదు. పెద్దామెకు అరగదని అమ్మ ఉలవలు మాన్పించింది, కోడికూర మాన్పించింది, మెత్తగా పిసికిన పాలన్నం, పంచదార వేసిన పాలు, వచ్చినవాళ్లు తెచ్చే బిస్కెట్లు. నాయనమ్మ పొట్ట పెరిగింది, బుగ్గలు వచ్చాయి, రాయిలాంటి పిక్కలు మాత్రం సడలి చీర కింద కర్రల్లా అయ్యాయి. చూడవచ్చినవాళ్లు, "ఒళ్లు చేసింది, కొడుకు సుఖపెడుతున్నాడు" అనేవాళ్లు. పాలన్నం కలిపే అమ్మకూ అది నిజమే అనిపించేది. ఖాశింబీని ఎవరూ గౌరవించలేదు కాబట్టి ఆమె నీళ్లు మోస్తూనే ఉంది.

రెండో ఏడు దసరా నాటికి గచ్చకాయలాట నేలమీంచి కుర్చీ చేతిమీదికి మారింది. ఒక సాయంత్రం నాయనమ్మ లేవబోయి, మళ్లీ కూలబడి, నావైపు చూడకుండా, "ఏమే, చెయ్యియ్యి" అంది. ఇచ్చాను. ఆమె బరువు నా భుజం దాకా లాగింది. అప్పటినుంచి అది రోజూ పని, నాకు విసుగ్గా ఉండేది.

ఎండాకాలంలో ఒకరోజు వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్నాను. నాది నాలుగో గడి. "ఏమే, చెయ్యియ్యి" అని వినిపించింది. వస్తున్నా అని ఇంకో గడి దూకాను. మళ్లీ పిలిచింది. నేను ఆట ముగించి వెళ్లేసరికి నాయనమ్మ నాపరాళ్ల మీద పడి ఉంది, ఒక కాలు తిరగాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి ఉంది. తుంటి విరిగిందన్నారు. మూడో నెలలో పోయింది. అందరూ ఏడ్చారు, నాకు రాలేదు. దినం అయిపోయాక ఎవరూ లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు నేలకు అందలేదు. ముందుకు జారి, చేతులు ఆనించకుండా లేచి, ఇంట్లోకి వెళ్లి అన్నం తిన్నాను.

ఆ రోజు చెయ్యివ్వకపోవడమే నా తప్పని నలభై ఏళ్లు అనుకుంటూ వచ్చాను. ఎవరికీ చెప్పలేదు, బాధ పడ్డానని కూడా అనలేను, దానిమీద ఏదో మొద్దుబారిపోయింది. డాక్టరమ్మ మాట విన్నాకే తెలిసింది, నా తప్పు ఆ సాయంత్రానిది కాదు, బిందె గురించి చెప్పిన పొద్దుటిది. చెయ్యి అడిగే గతి పట్టించడంలో నాకూ వాటా ఉంది.

ఇప్పుడు ఆ బావి పూడ్చేశారు, దానిమీద ఎరువుల గోడౌను ఉంది. ఇల్లు పంచుకున్నప్పుడు బిందెలు పాత సామాన్లవాడికి పోయాయి. ఖాశింబీ తను చనిపోయే ఏడాది దాకా తన నీళ్లు తనే తెచ్చుకుందని విన్నాను. నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది, డెబ్భై ఏడేళ్లు. పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, "అమ్మ చేత ఏం పని చేయించబాకక్కా, ఒక కుర్చీ పంపుతన్నా, మీట నొక్కితే అదే లేపి నిలబెట్టుద్దంట" అన్నాడు. వాడి గొంతు అచ్చం నాయన గొంతులా ఉంది. కుర్చీ వచ్చింది, అట్టపెట్టె ఇంకా విప్పలేదు.

నిన్న సాయంత్రం ఆ పెట్టెకు ఆనుకుని కింద కూర్చుని అమ్మ గోంగూర ఆకు తుంచింది. అయ్యాక నావైపు చెయ్యి చాచి, "లేపవే" అంది. అమ్మ గురించి అడిగితే జిమ్ములో నేర్పే అమ్మాయి చెప్పిన మాట గుర్తుంది, పట్టుకోవద్దు ఆంటీ, పడితే అందేంత దగ్గరలో నిలబడండి అని. నిలబడ్డాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. నలభై ఏళ్ల తరువాత ఆ నాపరాళ్లు కళ్ల ముందుకొచ్చి నాకు భయమేసింది.

"చూస్తా నిలబడ్డావేందే, నీకు చేతుల్లేవా?" అంది అమ్మ.

అమ్మ నన్ను తిట్టుకుంటూ ఒక మోకాలు మడిచింది, దానిమీద అరచెయ్యి పెట్టింది, ఒకసారి ఊగి ఆగింది, మళ్లీ ఊగి లేచింది. గోంగూర గిన్నె తీసుకుని వంటింట్లోకి పోతూ ఇంకా తిడుతూనే ఉంది. నేను చేతులు విప్పి చూసుకుంటే గోళ్లు దిగి అరచేతుల్లో గుంటలు పడ్డాయి.