కాక నేర్పిన ఖాళీ డబ్బా

మా ఎదురింటి కాక మొన్న మంగళవారం పొద్దున, రెండో చాయ్‌కి ముందు, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. పుణెలో ఉన్న నాకు ఆ వార్త ఫోనులో మూడు భాషల్లో అందింది. అమ్మ తెలుగులో, కింది వాటావాళ్లు మరాఠీలో, కాలేజీ దోస్తు హిందీలో పంపారు. మూడు భాషల్లోనూ అర్థం ఒక్కటే కావడంతో నమ్మక తప్పలేదు.

కాకను పాఠకులకు సగౌరవంగా పరిచయం చేయడం నా బాధ్యత. ఆయన మాకు చుట్టం కాదు. ఆదిలాబాద్ వైపు నుంచి రైల్వే ఉద్యోగంలో వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డ మనిషి. రిటైరైన తోటివాళ్లంతా గోదావరి ఒడ్డున నడకకు పోతుంటే, ఈయన మోకాళ్లు ఒప్పుకోక జావా నేర్చుకున్నారు. ఈ వయసులో ప్రోగ్రామింగ్ ఎందుకని చిన్నమ్మ, అంటే కాక భార్య, అడిగితే "నువ్వు సీరియల్ జూస్తవు, నేనేమన్న అంటున్ననా?" అన్నారట. ఆ ఇంట్లో ఆ చర్చ అక్కడితో ముగిసింది.

కోడ్‌ని ముందు పాత రైల్వే ఫారాల వెనక పెన్నుతో రాసేవారు. ఆయన దగ్గర నేర్చుకునే మా వీధి పిల్లల కోడ్‌లో తప్పు కనిపిస్తే తిట్టేవారు కాదు, కళ్లద్దాలు తీసి తుడిచేవారు. నేను పాఠానికి వెళ్లిన రోజుల్లో నాందేడ్ మొత్తంలో అంత శుభ్రమైన అద్దాలు ఇంకెవరికీ ఉండి ఉండవు.

ఇంజినీరింగ్ చివరి ఏడాది నా ప్రాజెక్టు ఒకటి తయారైంది. హాస్టల్ విద్యార్థి పేరు కొడితే సంరక్షకుడెవరో వెతకాలి, ఆయన ఫోన్ నంబరు చూపాలి. కొందరికి సంరక్షకుడి పేరే ఉండదు, కొందరికి నంబరుండదు. అలాంటి పేరు తగిలిన ప్రతిసారీ ప్రోగ్రాం చచ్చిపోయేది. పుణెలో ఉద్యోగం ఖాయమైంది గానీ, వైవాలో తప్పితే అది పోతుంది. ఊరందరినీ నవ్వించే నేను ఆ వారం అన్నం సరిగా తినలేదు.

కాక నా కోడ్ చూశారు. 'ఉందా, ఉంటే, అందులో ఉందా, ఉంటే' అంటూ ఒకదాని కడుపులో ఒకటి షరతులు.

"ఏంది బిడ్డా, ఉల్లిగడ్డ లెక్క ఉన్నది. ఒలుస్తాంటె ఏడ్పొస్తుంది."

"మీరే ఏడిస్తె నేనేం గావాలె కాక?"

అద్దాలు తుడుచుకుని ఆయన రైలు కథ ఎత్తుకున్నారు. కిన్వట్ స్టేషన్లో డ్యూటీ ఉన్న రోజుల్లో, నాందేడ్‌లోని ఇళ్ల నుంచి పొద్దుటి పాసింజర్లో సిబ్బందికి అన్నం డబ్బాలు వెళ్లేవట. ఏ ఇంట్లోనైనా ఆ రోజు వంట లేకపోతే డబ్బా మానేసేవారు కాదు, ఖాళీదే మూత బిగించి పంపేవారు.

"ఖాళీది ఎందుకు కాక?"

"రాకపోతె దారిల పోయిందా, ఇంట్ల ఎవలకన్న బాగలేదా అని దినమంత పరేషాన్. ఖాళీది అస్తె ఖాళీ అని తెలుస్తది. హోటల్ల తింటం. మరి గార్డు మధ్యల మూత తీసిండనుకో?"

"కూర వాసనస్తది."

"ఖాళీదైతె?"

"తిడ్తడు."

"గదే. నీ ప్రోగ్రాం గట్లనే తిడ్తున్నది."

జావాలో ఆ డబ్బా పేరు ఆప్షనల్. విలువ ఉన్నా లేకున్నా దాన్ని డబ్బాలో పెట్టి తరువాతి మెట్టుకు పంపాలి. ఖాళీదైతే మిగతా మెట్లు దాన్ని ముట్టకుండా ముందుకు తోస్తాయి. మూత తీసేది చివరి స్టేషన్లోనే. "దీన్నే మోనాడ్ అంటరు. పేరు భయపెట్టనీకి పెట్టినట్టున్నరు, పని మాత్రం మంచిది," అన్నారు కాక.

అర్థమైందని గర్వంగా ఇంటికెళ్లి, మర్నాడు డబ్బాలో డబ్బా పెట్టుకొచ్చాను. సంరక్షకుణ్ని వెతికే మెట్టు తానే ఒక డబ్బా ఇస్తుంది, నేను దాన్ని ఇంకో డబ్బాలో కుక్కాను. కాక అద్దాల వైపు చెయ్యి పోనిచ్చారు.

"తుడువకుండ్రి కాక, చెప్పుండ్రి!"

"ఫ్లాట్‌మ్యాప్ పెట్టు. రెండు మూతలు ఒకటైతయి."

పెట్టాను. ఉల్లిగడ్డ పోయి నాలుగు వరుసలు మిగిలాయి.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా మోనాడ్ గురించి అడిగితే మిగతావాళ్లు గణితం మొదలుపెడతారు. నేను పాసింజర్ బండి ఎక్కిస్తాను. అడిగినవాళ్లు నా బండిలోనే త్వరగా ఊరు చేరతారు.

వైవా రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు, నా ముఖంలో భయం చదివినట్టే, సంరక్షకుడు లేని పిల్లాడి పేరు ఏరి కొట్టాడు. నా గుండె ఆగింది, ప్రోగ్రాం ఆగలేదు. 'నంబరు నమోదు కాలేదు' అని మర్యాదగా చెప్పి తరువాతి పేరు కోసం నిలబడింది. ఆయన ఇంకో మూడు కొట్టి, "ఠీక్ ఆహే," అని సంతకం పెట్టాడు.

గేటు బయట ఆటోలో కాక. మోకాళ్ల నొప్పితో అంత దూరం వచ్చి, లోపలికి మాత్రం రాలేదు. పాసయ్యావా అని కూడా అడగలేదు.

"ఎక్కడన్న ఆగిందా?"

"ఆగలే కాక."

"మరి ఎక్కు."

ఆటో కదిలాక డ్రైవరు, "క్యా హువా చాచా, ఇత్నే ఖుష్?" అని ఆ సంతోషానికి కారణం అడిగాడు. ఇంకేం, కాక దక్కనీ ఉర్దూలో మోనాడ్ అందుకున్నారు. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. కాక ముందుకు వంగి గాలిలో వేలితో చదరం గీశారు, లోపల ఏమీ లేదని అరచెయ్యి తిప్పి చూపారు, ఆ ఏమీలేనిదాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని పక్కనే ఇంకో చదరంలో దించసాగారు. డ్రైవరు వెనక్కి తిరిగి, తల ఊపుతూ, ఆ చేతులనే చూస్తున్నాడు. పచ్చదీపం వచ్చింది. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. కాక ఇంకా దించుతూనే ఉన్నారు.