కారులో వెచ్చదనం

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ కారాయన అనే పిలిచేవారు. ఆయన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అంత పేరు మోసింది మరి. అందులో హీటరంటూ వేరే ఉండదు; పొగగొట్టానికి తొడిగిన రేకు తొడుగులోంచే లోపలికి వెచ్చటి గాలి రావాలి. వయసులో ఉన్నప్పుడు, బండి పులిలా గర్జించాలని ఈ మహానుభావుడు ఆ తొడుగు పీకించి ఉత్త గొట్టం బిగించుకున్నాడు. మోతకు మోత వచ్చింది. చలికి తట్టుకోలేక భార్య కారెక్కడం మానేసింది.

ఇన్నేళ్లకు ఆ గొట్టం తుప్పుపట్టి ఊడింది.

"మోతది వేద్దామా బాబాయ్, వెచ్చగా ఉండేది వేద్దామా? రెండూ కావాలంటే కుదరదు," అన్నాడు మెకానిక్.

"వెచ్చనిదే వెయ్యరా, మీ పిన్ని కోసం," అన్నాడు, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు.

కారు పిల్లిలా ఇంటికొచ్చింది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచాడు.

"ఒక్కసారి ఎక్కి చూడవే. కాళ్ల దగ్గర కుంపటి పెట్టినట్టుంది!"

ఆవిడ శాలువా బిగించుకుని గిన్నెలు తోముతూనే ఉంది. ఎదురుగా కిటికీ అద్దం ఎప్పుడో పగిలిపోతే, అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. అదీ ఆవిడ పెట్టుకున్నదే.

"కారు వెచ్చగా ఉంటే నాకేంటండీ? నేనుండేది ఇక్కడ కదా," అంది, వెనక్కి తిరక్కుండానే.

గాలికి అట్ట టపటపా కొట్టుకుంది. ఇన్నేళ్ల మోతలో ఆ చప్పుడు ఆయనకు వినపడటం అదే మొదలు. ఆవిడకు మాత్రం అదెప్పుడో అలవాటైపోయింది.