మూత తీస్తే ఎలుగొచ్చే డబ్బ

మా బాపు చివరిగా చేసిన పని టమాటాలు కొనకపోవడం. పొద్దున వాకిట్లోకి తోపుడుబండి వచ్చింది. ధర అడిగాడు. ఒకటి తీసి నొక్కి చూశాడు, మళ్ళీ జాగ్రత్తగా కుప్పమీదే పెట్టాడు. "మాపటికి దిగుతది, అప్పుడు రా" అని బండివాణ్ణి పంపేశాడు. మధ్యాహ్నం అన్నం తిని గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇక లేవలేదు. సాయంత్రం బండి నిజంగానే వచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి బండివాడు అరుపు ఆపేసి నిలబడిపోయాడు. టమాటాల ధర దిగిందో లేదో ఎవరం అడగలేదు.

ఆయన పేరు మల్లన్న. ఫలక్‌నుమా బస్సు డిపోలో మెకానిక్. ఛత్రినాకలో మాది రెండు గదుల ఇల్లు. లోకంలో ప్రతి వస్తువూ రేటు దిగడానికే పుట్టిందని ఆయన నమ్మకం. డిపోలో తోటివాళ్ళు, వచ్చే ఫోనుకు కూడా పైసలు కట్టే రోజుల్లోనే సెల్లు కొని నడుముకు తగిలించుకు తిరిగారు. బాపు ఆగాడు. వచ్చే ఫోన్లు ఫ్రీ అయ్యాకే కొన్నాడు. ఆ ఒక్క గెలుపు మా కొంప ముంచింది. ఆ తర్వాత కూలర్ కోసం ఆగాడు, ఫ్రిజ్ కోసం ఆగాడు. ఆయన ఆగుతున్నంతకాలం మేం తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్ళు తాగాం. మా అమ్మ సక్కుబాయి అందరికీ చెప్పేది: "నన్ను చూసుకోనీకె మూడు పారీలొచ్చి పోయిండు, ఇంకేడన్న మంచిది దొరుకుతదేమోనని."

ఆయన చేత ఏదైనా కొనిపించగలిగింది ఒక్క అమ్మవారే. ఏడాదంతా మొగుణ్ణి పేరుపెట్టి పిలవని మా అమ్మ, బోనాల నాడు పూనకం వచ్చినంతసేపూ ఆయన్ని "మల్లిగా" అనేది. ఒక ఏడు నల్లా కనెక్షన్ అడిగింది. ఇంకో ఏడు స్నానాల గదికి తలుపు అడిగింది. అమ్మవారికి స్నానాల గది తలుపుతో ఏం పనని ఎవరూ అనలేదు. వారం తిరక్కుండా తలుపు వచ్చింది. పూనకం దిగాక అడిగితే అమ్మ "నాకేం యాది లేదు" అని కడుపునిండా అన్నం తినేది. నేనది నాటకమే అనుకునేదాన్ని. మంచి నాటకం కాబట్టి నోరుమూసుకుని చూసేదాన్ని.

రెండువేల ఆరులో నేను ఎంసీఏ చివరి ఏడాది. దసరా సెలవులయ్యాక ప్రాజెక్టు చూపించాలి. గౌలిపురా నెట్ సెంటర్‌లో గంట కొనుక్కుని కూర్చుంటే పక్కన పిల్లలు తుపాకుల ఆట ఆడుతూ నా కుర్చీ తన్నేవాళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా స్నేహితురాలు హరిప్రియ ఇంట్లో కంప్యూటరుంది కానీ, అది వాళ్ళ తమ్ముడు నిద్రపోయినప్పుడే ఖాళీ. ఇలాగే అయితే హరిప్రియ ప్రాజెక్టు కింద నా పేరు కూడా రాయించుకోవాలి. రేపు ఉద్యోగానికి పోతే, ఇందులో నువ్వేం చేశావమ్మా అని మొదటి ప్రశ్నే అడుగుతారు. బస్సెక్కి వచ్చి పక్కన కూర్చున్నానండీ అని చెప్పాలి.

అప్పుడే కోఠిలో ఒక దుకాణం, చీరలకు పెట్టినట్టే ల్యాప్‌టాప్‌లకూ ఆషాఢం తగ్గింపు బోర్డు పెట్టింది. బాపును లాక్కెళ్ళాను. ఆయన దాని మూత తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. లోపల లైటు ఎప్పుడు ఆరుతుందో కనిపెట్టాలని సందులోంచి ఒంటికన్నుతో చూశాడు. దుకాణంవాడు విసిగిపోయి, కొనేదుందా ఊరికే చూసుడేనా అన్నట్టు "లేనా హై క్యా చాచా, యా ఖాలీ దేఖ్నా?" అన్నాడు. "దేఖ్నేకు భీ డిస్కౌంట్ హై క్యా?" అన్నాడు బాపు.

ఇంటికొచ్చి దసరాకు ఇంకా దిగుతుందన్నాడు. నేను ఏడ్చాను. దీపావళి మాట కూడా ఎత్తాడు. దానికి తోడు హరిప్రియ వాళ్ళ నాన్న శ్రీహరిరావుగారు, రాజమండ్రి నుంచి వచ్చి సెక్రటేరియట్‌లో పనిచేసే మనిషి, ఆషాఢంలో కొత్త వస్తువు ఇంటికి తేకూడదని, శ్రావణం రానివ్వమని సలహా చెప్పారు. ఏటా ఆషాఢంలో బోనమెత్తే ఇంట్లో పుట్టిన మా బాపుకు రాత్రికి రాత్రే ఆంధ్రా పంచాంగం మీద ఎక్కడలేని భక్తి పుట్టింది.

పాతబస్తీ బోనాలు ఆషాఢం చివర్లో వస్తాయి. అవి అయ్యాయంటే దుకాణంలో బోర్డు కూడా దిగిపోతుంది. ఆ ఆదివారం అమ్మ బోనం నెత్తినెత్తుకుని గడప దాటింది. ఎల్లయ్య డప్పుల బృందం ఎప్పుడూ మా గల్లీలో నడుస్తూనే వాయించి పోతుంది. ఎల్లయ్య బాపుకు చిన్ననాటి దోస్తు. ఆ రోజెందుకో మా వాకిట్లోనే నిలబడిపోయారు. దరువు అంతకంతకూ పెరుగుతోంది. బాపు చిరాగ్గా బయటికొచ్చి, "ఏంది ఎల్లయ్యా, ఈడనే పాతుకపోయిండ్రా? ముంగటికి నడువుండ్రి" అని అరిచాడు. ఎల్లయ్య వినలేదు. అమ్మ ఊగడం మొదలుపెట్టింది. పక్కింటి సుశీలత్త బోనం అందుకుంది.

"మల్లిగా, నా బిడ్డ డబ్బేదిరా?"

"ఏం డబ్బ తల్లీ?" బాపు చేతులు జోడించాడు.

"మూత తీస్తే ఎలుగొచ్చే డబ్బ."

"తల్లీ, దసరాకు దిగుతదంటుండ్రు."

"దసరాదాంక నేనాగాల్నారా?"

గల్లీ అంతా బాపు వైపు చూసింది. ఆయన తల వంచుకుని, మంగళవారం దాకా టైమియ్యి తల్లీ అని వేడుకున్నాడు. అమ్మవారితో కూడా బేరమాడిన మనిషి.

మంగళవారం కోఠి నుంచి సిటీబస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాల కప్పి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. నా ప్రాజెక్టు నేనే చేశాను, ఉద్యోగమూ వచ్చింది. తర్వాత నేను కథలు రాసిందీ దానిమీదే. కానీ బాపు ఆ ఓటమి మర్చిపోలేదు. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం పేపర్లో ప్రకటనలు వెతికి, ధర తగ్గింది దొరికితే నా ముందు పరిచి, "సూసినవా, మీ అమ్మకొచ్చిన తల్లి ముంచింది నన్ను" అనేవాడు. అమ్మ వంటింట్లోంచి, నాకేం యాది లేదనేది.

బాపు పోయిన పదో రోజు భోజనాలయ్యాక ఎల్లయ్య నా పక్కకొచ్చి కూర్చున్నాడు. బాపు పాడె ముందు డప్పు వాయించిందీ అతనే. గూట్లో ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసి, అది గదేనా అని అడిగాడు. గదేనన్నాను.

"బోనాలకు నాల్గొద్దుల ముందు మీ బాపు నా తానికొచ్చిండు బిడ్డా. మా వాకిట్ల ఆగి కొట్టు, ఆమెకు తల్లొచ్చేదాంక కదలకు, నేను తిట్టినా కదలకు అన్నడు. తలకాయ కూర తినిపిస్తనన్నడు."

తినిపించాడా అని అడిగాను.

"ఏడ తినిపిచ్చిండు. బోనాలకు మటన్ పిరమున్నది, శ్రావణంల దిగుతది, ఆగుమన్నడు."

శ్రావణంలో మా ఇంట్లో నీసు వండరు.