ఏమీ అమ్మలేదని చెప్పనందుకు

తెలుగు సరిహద్దు దాటగానే వచ్చే కుంట అనే ఊళ్లో మా అన్నయ్య కిరాణా దుకాణాన్ని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. చిన్న వ్యాపారుల పన్ను పనులన్నీ నేను ఆ గదిలోనే చేస్తాను. జగదల్‌పూర్‌లో బీకాం చదివి, అక్కడే ఒక ఆడిటర్ దగ్గర కొన్నేళ్లు పనిచేసి ఊరికి వచ్చాను. జీఎస్టీ వచ్చాక చుట్టుపక్కల తెలుగు దుకాణదారులు ఒక్కొక్కరే నా గది తలుపు తట్టారు. హిందీ నోటీసు చదివి, అందులో ఏముందో తెలుగులో చెప్పి, భయపడాలో వద్దో తేల్చే మనిషి వాళ్లకు కావాలి.

రాయ్‌పూర్ అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపులో రోజూ ఏదో ఒక మార్పు వస్తుంది. గడువు జరిపారనో, ఫారం మార్చారనో, కొత్త గడి ఒకటి చేర్చారనో. వాటిలో మావాళ్లకు పనికొచ్చేవి ఏరి, నాలుగు ముక్కల్లో రాసి వాళ్ల ఫోన్లకు పంపుతాను. ఆ నాలుగు ముక్కలు అవతలి మనిషిని కాపాడతాయని చాలాకాలం నమ్మాను.

నేను బాబాయి అని పిలిచే ఒక పెద్దమనిషి ఉండేవాడు. రక్తసంబంధం కాదు, మా నాన్నకు వ్యాపారంలో పాత స్నేహితుడు. అడవి లోపల ఉన్న జగర్గుండాలో ఒకప్పుడు పెద్ద దుకాణం ఆయనది. ఉప్పు, నూనె, బట్టలు అమ్మి చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు. నక్సలైట్ల గొడవలు ముదిరి ఆ ఊరికి దారులు మూసుకుపోయినప్పుడు భార్యను వెంటబెట్టుకుని కట్టుబట్టలతో కుంటకు వచ్చాడు. ఇక్కడ అద్దె కొట్లో సబ్బులు, బిస్కెట్లు పెట్టుకుని ఏళ్లు నెట్టుకొచ్చాడు. పిల్లలు లేరు. ఏ పెళ్లిలో కనిపించినా, పక్కన ఎవరున్నా, మాట జగర్గుండా మీదికే వెళ్లేది.

రోడ్డు కొంత మేర పడింది, వారసంత మళ్లీ మొదలైంది అని తెలిసిన రోజు ఆయన నా గదికి వచ్చి నిలబడే చెప్పాడు.

"పోతున్న బిడ్డా. మన దుకాణం గోడలు నిలబడే ఉన్నయంట. రేకులేసుకుంటే సాలు."

అక్కడ ఒక ప్రభుత్వ హాస్టల్ ఉంది. పిల్లలకు కావలసిన పప్పు, నూనె, సబ్బులు ఆయన దగ్గరే తీసుకుంటామని వార్డెన్ అన్నాడట. కాకపోతే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి.

"బాబాయ్, నీ వ్యాపారమెంత? నీకు చట్టప్రకారం నంబరే అవసరం లేదు," అన్నాను.

"నాకు లేదు, ఆ సాబ్‌కు కావాల్నంట. నంబర్ లేకుంటే బిల్లు పాస్ కాదంటడు."

ఒకసారి తీసుకుంటే అమ్మినా అమ్మకపోయినా నెలనెలా రిటర్ను వేయాలని చెప్పాను. ఆయన నవ్వాడు. ఇన్నేళ్లు వేరేవాళ్ల ఊళ్లో బతికినవాడికి అదొక కష్టంగా తోచలేదు. నంబరు వచ్చిన రోజు పిన్ని నాకు అరిసెలు తెచ్చింది. ఆ సర్టిఫికెట్‌కు చట్రం కట్టించి దుకాణంలో దేవుడి పటం పక్కన పెట్టారని తర్వాత ఎవరో చెప్పారు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ఆయన బిల్లులు పట్టుకుని జీపులో దోర్నపాల్ వరకు, అక్కడి నుంచి బస్సులో కుంటకు వచ్చేవాడు. నేను రిటర్ను వేస్తుంటే ఎదురుగా కూర్చుని సంత కబుర్లు చెప్పేవాడు. పాత ఖాతాదారులైన దోర్ల గిరిజనులు గుర్తుపట్టి చేయి పట్టుకున్నారని, ఒక ముసలామె ఏడ్చిందని చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోయేది.

అంతలో కరోనా వచ్చింది. హాస్టల్ మూశారు, సంత ఆగింది, బస్సులు ఆగాయి. దుకాణానికి తాళం పడింది. అప్పుడే ఒక కొత్త మార్పు వచ్చింది. ఆ నెల ఏమీ అమ్మనివాళ్లు కంప్యూటర్ లేకుండా, ఫోన్ మెసేజ్‌తోనే రిటర్ను వేయొచ్చు. ఒక మెసేజ్ పంపితే అవతలి నుంచి కోడ్ వస్తుంది, ఆ కోడ్ తిరిగి పంపితే పని అయిపోయినట్టే. నేను ఎగిరి గంతేశాను. ఇంతకాలానికి మా అడవి వాళ్లను తలుచుకుని ఎవరో ఒక మంచి పని చేశారనిపించింది. ఆయనకు ఫోన్ కలిసిన రోజు అక్షరం అక్షరం చెప్పి కాగితం మీద రాయించాను.

"సిగ్నల్ ఎక్కడొస్తది బాబాయ్?"

"జవాన్ల క్యాంపు కాడ టవర్ ఉంది గద. ఆడికి పోతే వస్తది."

తర్వాత ఆయనకు ఎప్పుడు ఫోన్ చేసినా స్విచాఫ్ అనే వచ్చింది. పోర్టల్‌లో చూస్తే మొదటి నెల రిటర్ను ఉంది, ఆ తర్వాత ఏమీ లేవు. బస్సులు తిరగడం మొదలయ్యాక అటు వెళ్లే ప్రతి మనిషితో కబురు పంపాను. చివరకు ఒక జీపు డ్రైవర్ జవాబు తెచ్చాడు. పిన్నికి పక్షవాతం వచ్చిందట, ఇద్దరూ భద్రాచలంలో ఆసుపత్రిలో ఉన్నారట, ఏ ఆసుపత్రో తెలియదట. రిటర్నులు వేయనందుకు నంబరు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. ఆయన తరఫున ఇంట్లో రోగం అని జవాబు రాశాను. పాత రిటర్నులు వేయకుండా ఆ జవాబుకు విలువ లేదు. అవి వేయాలంటే ఆయన ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. నంబరు రద్దయింది.

ఇదేదీ ఆయనకు తెలియదు. పిన్నిని తీసుకుని జగర్గుండా చేరి, హాస్టల్ తెరిచాక మళ్లీ సరుకు వేశాడు. బిల్లు వెనక్కి వచ్చింది. వార్డెన్ ఆయన నంబరు కంప్యూటర్‌లో కొట్టి, ఎర్రక్షరాలు చూపించి, ఇది చచ్చిన నంబరు అన్నాడట. మర్నాడే కుంటకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఏమైంది బిడ్డా? నేనేం తప్పు జేసిన?"

రద్దును ఎత్తేయమని అడగడానికి ఒక గడువు ఉంటుంది. ఆర్డరు ఆయన చూడలేదు, చేతికి ఎవరూ ఇవ్వలేదు. అయినా పోర్టల్‌లో పెట్టిన రోజునే అందినట్టు లెక్క. గడువు దాటిపోయింది. ఈ సంగతి నేను మూడు రకాలుగా చెప్పాను. ప్రతిసారీ ఆయన తల ఊపి, మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

కొంతకాలానికి ఇలా రద్దయినవాళ్లకు ఇంకొక అవకాశం ఇస్తున్నారని గ్రూపులో మెసేజ్ వచ్చింది. పాత రిటర్నులన్నీ వేసి, ఆలస్య రుసుము కట్టి, దరఖాస్తు పెడితే నంబరు బతుకుతుంది. మళ్లీ కబురు పంపాను. ఆయన వచ్చాడు. పాత సిమ్ లేదన్నాడు, ఎందుకు లేదో చెప్పలేదు. ఫోన్ నంబరు మార్పించడానికి ఇద్దరం జగదల్‌పూర్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, కాగితాలు చూసి మార్చి పెట్టాడు. దారి తెరుచుకుందనుకున్నాను. ఆఫీసు బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, కట్టాల్సింది లెక్క వేసి ఆయనకు చూపించాను.

ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని అంకెలు కూడబలుక్కున్నాడు.

"దుకాణం మూసే ఉంది గద బిడ్డా. నేనేం అమ్మలే. మరి దేనికి కట్టాలె?"

"ఏమీ అమ్మలేదని చెప్పనందుకు, బాబాయ్."

నా నోటి నుంచి వచ్చిన ఆ మాట నాకే పిచ్చిమాటలా వినిపించింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు చెప్పాడు, అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి.

రెండో నెల మెసేజ్ పంపడానికి క్యాంపు కంచె పక్కన నిలబడ్డాడట. చేతిలో నేను చెప్పి రాయించిన కాగితం. దాని మీద కొన్ని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు. కాపలా జవాను వచ్చి ఏం చేస్తున్నావని అడిగాడు. ట్యాక్స్ కడుతున్నానన్నాడు ఈయన. దుకాణం తెరిచి ఉందా అని అడిగితే లేదన్నాడు. దుకాణమే లేకపోతే ట్యాక్స్ ఏమిటి అన్నాడు జవాను. అదే సమయానికి ఫోన్‌లోకి కోడ్ వచ్చి పడింది.

"'యే కోడ్ కిస్కో భేజ్ రహా హై?' అన్నడు, ఈ కోడ్ ఎవరికి పంపుతున్నవని. ఏం జెప్పాలె నేను? నువ్వు జెప్పినవంటే నీ పేరు రాసుకుంటరు. హాస్టల్ సాబ్ అంటే ఆయన పేరు రాసుకుంటరు."

కొట్టలేదు, తిట్టలేదు. పొద్దు గూకేదాకా కూర్చోబెట్టి, పెద్ద సాబ్ వచ్చి చూశాక, ముసలాయనను పొమ్మన్నారు. ఫోన్ కూడా తిరిగి ఇచ్చారు. కానీ తిరిగి వస్తుంటే తోవలో ఇద్దరు మనుషులు ఎదురై, ఇంతసేపు క్యాంపులో ఏం మాట్లాడావని అడిగారు. వాళ్లెవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి చేరే ముందే సిమ్ తీసి విరిచి వాగులో పడేశాడు.

"పానం కంటే నంబర్ ఎక్కువా బిడ్డా?"

ఆ ఆఫీసుకు పెట్టే దరఖాస్తులో కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. ఈ కథ ఆ గడిలో పట్టదు. పట్టినా రాయడానికి ఆయన ఒప్పుకోడు. ఒప్పుకున్నా, అది చదివి ఆలస్య రుసుము తగ్గించే అధికారం ఆ మర్యాదస్తుడికి లేదు. అక్కడ కూర్చుని ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి ఆలోచించాను. డబ్బు నేను సర్దుతానన్నాను. మందుల కోసం అప్పు అడగని మనిషి లేడు, ఇక నీ దగ్గర కూడా వద్దు అన్నాడు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

ఆ అవకాశం గడువు కూడా ముగిసింది. హాస్టల్ సరుకు ఎక్కడినుంచో వచ్చిన ఒక కుర్ర వ్యాపారికి దక్కింది. బాబాయి తన దుకాణం గోడలు, రేకులు అతనికే అద్దెకు ఇచ్చాడు. అతని తరఫున అక్కడే కాటా దగ్గర కూర్చుని చింతపండు తూచడం మొదలుపెట్టాడు. దోర్ల వాళ్లు ఆయన ముఖం చూసే వస్తారని ఆ కుర్రవాడికి తెలుసు.

పోయిన ఎండాకాలం నేను జగర్గుండా వెళ్లాను. నంబరు రద్దయినవాళ్లు ఆఖరి రిటర్ను అని ఒకటి వేయాలి. అది వేయకపోతే దానికీ రుసుము పెరుగుతూ పోతుంది. ఫోన్‌లో చెబితే తెగేలా లేదు, ఓటీపీ దగ్గరుండి తీసుకోవాలి. వెళ్లేసరికి ఆయన కాటా దగ్గర ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, వెనక గదిలోకి తీసుకెళ్లాడు. పిన్ని మంచం మీద ఉంది. ఎడమ చేయి కదలదు, మాట ముద్దగా వస్తుంది. నన్ను గుర్తుపట్టి, కుడి చేత్తో నా చెంప తడిమింది.

విషయం చెప్పాను.

"నంబర్ సచ్చిపోయిందన్నరు గద," అన్నాడాయన. "సచ్చినదానికి గూడ రిటర్నా?"

"ఇదే ఆఖరుది బాబాయ్. పేరే ఆఖరి రిటర్ను."

"మరి నేను సచ్చిపోతే?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. తెలుసుకుందామని అడిగాడు. వ్యాపారి చనిపోతే వారసులు ఏం చేయాలో దానికీ ఒక నియమం ఉంది. అది నాకు తెలుసు. వారసులు లేని ఆ గదిలో పిన్ని నా ముఖంలోకి చూస్తోంది. నేను సంచిలోంచి కాగితాలు తీశాను. ఆయనే ఫోన్ నా చేతిలో పెట్టి, "కానీ బిడ్డా, నీ పని నువ్వు జేసుకో," అన్నాడు.

సిగ్నల్ ఇప్పుడు ఊళ్లోనే వస్తోంది. ఓటీపీ వెంటనే వచ్చింది. రిటర్ను వేశాను. బయట కుర్రవాడు పిలిచాడు, ఎవరో చింతపండు బుట్టలు తెచ్చారట. బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని కాటా దగ్గరికి వెళ్లిపోయాడు. పిన్ని చేయి వదిలించుకోవడానికి మనసు రాక, బస్సు హారన్ కొట్టేవరకు అక్కడే కూర్చున్నాను.